కలుగుకు రెండో దోవ

నేను కబడ్డీలో ఎడమ కార్నర్ ఆటగాణ్ణి, అంటే బరి ఎడమ మూలన నిలబడి కూతకు వచ్చినవాణ్ణి పట్టేవాణ్ణి. బడి జట్టు నుంచి జిల్లా జట్టుకు, అక్కడి నుంచి రాష్ట్ర శిబిరానికి, చివరకు నెల జీతం తీసుకుని ఆడే ఆటగాడి దాకా వెళ్ళడానికి నాకు పదేళ్ళు పట్టింది. 2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగ్‌లో మాత్రం ఒక్క నిమిషం కూడా ఆడలేకపోయాను. ఆ పదేళ్ళలో నా ఆటకు దక్కిన మెప్పు, నా నడతకు అంటిన మచ్చ రెండూ ఒకే చోటి నుంచి, నేను పుట్టి పెరిగిన యానాది కాలనీ నుంచే వచ్చాయని గ్రహించడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

మా కాలనీ శ్రీకాళహస్తికి దగ్గరలో, స్వర్ణముఖి ఒడ్డున ఉంది. ఊరికీ మాకూ మధ్య ఒక చెరువు కట్ట, నాలుగు మామిడి తోపులు ఉంటాయి. 2011 జనాభా లెక్కల నాటికే యానాదులు 5 లక్షలు దాటారు. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో చెరువుల పక్కన, ఏటి గట్ల మీద చెల్లాచెదురుగా బతుకుతున్నారు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పులికాట్ సరస్సు వైపున్న సూళ్ళూరుపేట ప్రాంతపు మా బంధువులు, కాళహస్తి వైపున్న మేము ఒకే జిల్లా వాళ్ళమయ్యాము. వాళ్ళు రొయ్యకు, పీతకు వెళతారు. మేము చెరువు చేపకు, తోపుల కావలికి, వరి కోతలయ్యాక ఎలుకలకు వెళతాము. నా ఆట ఈ మూడో పని దగ్గర మొదలైంది కనుక దాన్ని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

కోతలు పూర్తయిన తరువాత రైతులు మా తాతకు కబురు పంపేవారు. పొలం ఎలుకలు గట్ల కింద తవ్వుకునే కలుగుకు ఒక ద్వారం పైకి కనిపిస్తుంది. దాని ముందు తవ్విపోసిన మట్టి కుప్ప ఉంటుంది. రెండో ద్వారం ఎక్కడో నాలుగైదు గజాల అవతల, పైన పలచగా మన్ను కప్పుకొని, కంటికి ఆనకుండా ఉంటుంది. అపాయం వచ్చినప్పుడు ఎలుక ఆ పలచటి మన్నును తలతో నెట్టుకుని పారిపోతుంది. తాత మొదటి ద్వారం దగ్గర పొగ కుండ పెట్టి, అందులో ఎండుగడ్డి కుక్కి, నిప్పు వేసి, కుండకున్న చిల్లు గుండా నోటితో ఊదేవాడు. పిల్లలమైన మా పని రెండో ద్వారాన్ని వెతికి, దాని పక్కన చప్పుడు లేకుండా కూర్చోవడం. నాకు ఏడేళ్ళప్పుడు నేను పొగ వైపు చూస్తూ కూర్చుంటే తాత మొట్టికాయ వేసి, "వాడు యాడున్నాడో చూడొద్దురా, వాడికి ఇంకో దోవ యాడుందో అది చూడు" అన్నాడు. ఎలుకను ఆయన ఎప్పుడూ "వాడు" అనే అనేవాడు.

పట్టుకోవడంలోనూ ఒక లెక్క ఉంది. ఎలుక తల మాత్రమే బయటికి వచ్చినప్పుడు చెయ్యి వేస్తే కొరుకుతుంది, లేదా వెనక్కి పోతుంది. ఒళ్ళంతా బయటపడ్డాక చెయ్యి వేస్తే దొరకదు. భుజాల దాకా వచ్చి, వెనక కాళ్ళు ఇంకా లోపలే ఉన్న రెప్పపాటు కాలం ఒకటి ఉంటుంది. అప్పుడు దానికి వెనక్కి తగ్గడానికీ ముందుకు దూకడానికీ వీలుండదు. ఆ రెప్పపాటును గుర్తుపట్టడానికి నాకు మూడు కోతలు పట్టాయి. మా అక్క ఒకే ఏడాదిలో నేర్చుకుంది. మా చిన్నాన్న కొడుక్కి ఎన్నేళ్ళయినా రాలేదు. వాడిప్పుడు రేణిగుంటలో ఆటో నడుపుతున్నాడు.

ఆరో తరగతిలో నన్ను గిరిజన ఆశ్రమ పాఠశాలలో చేర్చారు. అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు, నేను బక్కగా ఉన్నాననీ కూతకు పంపితే ఎవరూ లెక్కచేయరనీ, నన్ను చెడుగుడు బరిలో ఓ మూలకు నిలబెట్టారు. కూతకు వచ్చినవాడు అదనపు పాయింటు కోసం బోనస్ గీత మీదుగా కాలు చాచినప్పుడు, ఆ కాలు నేలకు ఆని, ఒంటి బరువు ఇంకా వెనక్కి మళ్ళకముందు ఒక క్షణం ఉంటుంది. అప్పుడు మడమ పైన పట్టు పడితే వాడికి ముందూ లేదు, వెనకా లేదు. అంతకు ముందు పడితే విదిలించుకుని పోతాడు. తరువాత పడితే చేతికి గాలి తప్ప ఏమీ దొరకదు. నాకు అది కొత్తగా అనిపించలేదు. మొదటి రోజే పదో తరగతి వాళ్ళను ముగ్గురిని పట్టాను. సార్ ఎంతో సంతోషించి, పక్కనున్న ఉపాధ్యాయుడితో, "వీళ్ళకు ఇది రక్తంలోనే ఉంటుంది సార్" అన్నారు.

ఆయన మెప్పుకోలుగానే అన్నారు, నేనూ మెప్పుగానే తీసుకున్నాను. నాలుగేళ్ళ తరువాత గానీ ఆ మాట వల్ల నాకు జరిగిన నష్టం తెలియలేదు. రక్తంలో ఉన్నదాన్ని ఎవరూ నేర్పరు. మిగతా పిల్లలను కూర్చోబెట్టి, మూలవాళ్ళకు లోపలి వైపు నిలబడే కవర్ ఆటగాడు ఎప్పుడు కదలాలో, చేతులు కలిపి పట్టే చైన్‌లో చెయ్యి ఎలా కలపాలో, మూడో కూత తప్పనిసరిగా పాయింటు తేవలసినదైనప్పుడు ఎదుటివాడి ఆలోచన ఎలా ఉంటుందో సుద్దముక్కతో నేల మీద గీసి చెప్పిన సార్, నా దగ్గరికి వచ్చేసరికి, "నీకు చెప్పేదేముంది, నీ పని నువ్వు చెయ్యి" అనేవారు. మడమ పట్టు ఒక్కటే నా పనిగా మిగిలిపోయింది. ఆ పట్టును నాకు తాత నేర్పాడని, అందులో వాన వెలిసిన ఎన్ని రోజులకు మన్ను రంగు ఎలా మారుతుందో చూడటం దగ్గర నుంచి నేర్వవలసినవి ఎన్నో ఉన్నాయని, నాలాంటి యానాది పిల్లల్లోనే అది పట్టుబడని వాళ్ళు ఉన్నారని సార్‌కు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే హాస్టల్లో ఎలుకల మాట ఎత్తితే ఏమవుతుందో అప్పటికే ఒకసారి అనుభవించాను.

చాలా ఏళ్ళ తరువాత వ్యాయామ విద్యలో ఎం.పీ.ఎడ్. చదువుతూ లఘు పరిశోధన కోసం పాత విషయాలు వెతికినప్పుడు, మా సార్ అన్న మాట ఆయన ఒక్కడిదే కాదని తెలిసింది. 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ ఏర్పడిన తరువాత, కొండ ప్రాంతాల నుంచి, తీర ప్రాంతాల నుంచి, గిరిజన ప్రాంతాల నుంచి సహజ ప్రతిభ ఉన్నవారిని వెతకడానికి స్పెషల్ ఏరియా గేమ్స్ అనే పథకం పెట్టారు. రాజస్థాన్‌లో వెదురు విల్లుతో పిట్టలను కొట్టే అహారీ తెగ యువకుడు లింబారామ్ ఆ పథకం కిందే 1987లో దొరికాడు; ఆయన మూడు ఒలింపిక్స్ ఆడి, 1992లో బీజింగ్‌లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. ఆ రోజుల్లోనే కర్ణాటకలోని సిద్దీలను, వాళ్ళ పూర్వులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు కనుక పరుగు వాళ్ళ ఒంట్లోనే ఉంటుందన్న లెక్కతో శిబిరాలకు తీసుకెళ్ళారు. వాళ్ళలో కొందరు బాగా రాణించారు కూడా. కొన్నేళ్ళకు ఆ ప్రయత్నం ఆగిపోయింది, పిల్లలు ఊళ్ళకు తిరిగి వెళ్ళారు. లింబారామ్ కథనూ సిద్దీల కథనూ ఒకే పథకం కింద చదివినప్పుడు నాకు కనిపించిన తేడా ఒకటి ఉంది: లింబారామ్ విషయంలో ఆయన చేతికి అప్పటికే వచ్చిన విద్య చూశారు, సిద్దీల విషయంలో ఒంటి రంగు చూశారు. ఇది నా అభిప్రాయం మాత్రమే.

ఇక కాగితాల సంగతి. మా కాలనీలో సగం మంది పుట్టినరోజు జనవరి 1. ఆధార్ నమోదు చేసినవారు తేదీ అడిగితే మా అమ్మ, "చెరువు కట్ట తెగిన ఏడు, చింతకాయ పులుపెక్కే నెల" అని చెప్పింది. ఆ గడిలో చింతకాయకు చోటు లేదు. బడి రిజిస్టరులో ప్రధానోపాధ్యాయుడు తన అంచనా ప్రకారం వేసిన తేదీ వేరు. 2014లో అండర్-17 జిల్లా ఎంపికలకు వెళ్ళినప్పుడు ఈ రెండు తేదీల మధ్య పదిహేడు నెలల తేడా ఉందని పట్టుకుని, వయసు దాచి ఆడుతున్నానని నన్ను పక్కకు తీశారు. ఆలస్యంగా జననం నమోదు చేయించుకోవడానికి ఆర్డీవో కార్యాలయం చుట్టూ నాయన కూలి మానుకుని ఎనిమిది సార్లు తిరిగాడు. కాగితం చేతికి వచ్చేసరికి ఆ ఏటి పోటీలు అయిపోయాయి. దాన్ని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఆ జులైలో కాళహస్తిలోని ఒక టీ అంగడి ముందు నిలబడి టీవీలో ప్రొ కబడ్డీ మొదటి మ్యాచ్‌లు చూశాను; మన ఆట అంత వెలుతురులో జరగడం నేను చూడటం అదే మొదలు.

మరుసటి ఏడు మే నెలలో తిరుపతిలో జరిగిన వేసవి శిబిరానికి ఎంపికయ్యాను. తెల్లవారుజామున నాలుగింటికి అలిపిరికి తీసుకెళ్ళి మెట్లు ఎక్కించేవారు. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దాకా పరుగు, ఆ పైన నడక, కొండ మీద అన్నప్రసాదం తిని బస్సులో దిగడం. వారానికి రెండు సార్లు ఇది ఉండేది. నాకు ఇష్టమైన రోజులవి, ఎందుకంటే గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కే భక్తుల మధ్య నన్ను ఎవరూ నీది ఏ కులమని అడగలేదు. మైదానంలో మాత్రం అన్నీ కొత్తగా ఉండేవి. మట్టి బరిలో ఒట్టి కాళ్ళతో ఆడినవాణ్ణి, మ్యాట్ మీద బూట్లతో ఆడవలసి వచ్చింది. మట్టిలో ఎదుటివాడి పాదం పడిన చప్పుడును బట్టి వాడి బరువు ఏ కాలి మీద ఉందో తెలిసేది. మ్యాట్ ఆ చప్పుడును మింగేస్తుంది. ఆరు వారాలు నేను చెవిటివాడిలా ఆడాను.

ఆ శిబిరంలోనే రెండు సంఘటనలు జరిగాయి. మొదటిది నా మౌనం గురించి. కబడ్డీలో రక్షకులు ఒకరినొకరు గట్టిగా పిలుచుకుంటూ ఉండాలని శిక్షకులు చెబుతారు, అది సరైన మాటే. నేను పిలిచేవాణ్ణి కాదు. కలుగు దగ్గర మాట్లాడినవాడికి ఎలుక దొరకదు, చెరువులో మాట్లాడినవాడికి చేప దొరకదు; మా వాళ్ళు భుజం తాకి, వేలు కదిపి, ఒక్కోసారి ఊపిరి బిగబట్టి చెప్పుకుంటారు. నేను పక్కనున్న కవర్ ఆటగాడి చేతిని రెండు సార్లు నొక్కితే "వస్తున్నాడు" అని అర్థం, ఆ సంగతి అతనికి రెండు రోజుల్లో అలవాటైంది కూడా. కానీ నా పేరు ఎదురుగా, ఉత్సాహం తక్కువ, కలుపుగోలుతనం లేదు, పెద్దల కళ్ళలోకి చూసి మాట్లాడడు అని రాశారు. పెద్దల కళ్ళలోకి సూటిగా చూడటం మా ఇళ్ళలో పొగరు. ఇక్కడ అది ధైర్యం.

రెండోది తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆ వారంలో తిరుపతి పిల్లలు వరుసగా రెండు మూడు రోజులు శిబిరానికి రాలేదు. ముఖాలకు రంగులు పూసుకుని వేషాలు కట్టి వీధుల్లో తిరిగారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు, చివరి రోజున అందరికీ సెలవు ఇచ్చారు, శిక్షకులు కూడా గుడికి వెళ్ళి అంబలి తాగి వచ్చారు. నేనూ జాతర చూశాను, బాగుంది. పది రోజుల తరువాత మా కాలనీలో అవ్వ చనిపోయి నేను నాలుగు రోజులు రాకపోతే, తిరిగి వచ్చిన రోజు నన్ను ఎండలో నిలబెట్టి, "మీవాళ్ళకు ఇంతే, ఒకచోట నిలకడ ఉండదు" అన్నారు. జాతరకు వెళ్ళడం సంప్రదాయం, నా నాలుగు రోజులు క్రమశిక్షణ లేకపోవడం. ఈ తేడా నాకు అప్పుడు కోపం తెప్పించలేదు, సిగ్గు తెప్పించింది.

2018లో నాకు ఇరవై ఏళ్ళు. ఒక వృత్తి జట్టు కోసం ఆటగాళ్ళను వడగట్టే శిబిరానికి బహిరంగ ఎంపికల ద్వారా వెళ్ళాను. వందల మందిలో నుంచి ముప్పై మందిని, ముప్పై మందిలో నుంచి పద్నాలుగు మందిని మిగిల్చారు. పద్నాలుగు మందిలో నేను ఉన్నాను. అప్పటికి నా బరువు 71 కిలోలు. రెండేళ్ళలో పది కిలోలు పెంచడానికి కాళహస్తి సంతలో గుడ్లు అమ్మే ఒక ముసలామె నాకు పగిలిన గుడ్లన్నీ అప్పుగా ఇచ్చింది. చివరి జాబితా ఇంకో తొమ్మిది రోజుల్లో వస్తుందనగా మా మేనమామ పాము కరిచి చనిపోయాడు. ఆయనే నన్ను భుజాన వేసుకుని ఆశ్రమ పాఠశాలలో దింపినవాడు. చిన్నదినానికి వెళ్ళకుండా ఉండిపోయాను. పెద్దదినానికి మాత్రం వెళ్ళక తప్పదు. మేనల్లుడు లేకుండా మా ఇళ్ళలో ఆ కార్యం జరగదు. కుటుంబాలన్నీ ఎక్కడెక్కడి తోపుల నుంచి, చెరువుల నుంచి వచ్చి ఒకచోట కూడుతాయి. రాని మనిషిని ఎవరూ తిట్టరు, కానీ ఆ తరువాత అతని మాట ఎవరూ ఎత్తరు.

మూడు రోజుల సెలవు అడిగాను. తండ్రి అయితే ఇస్తాము, మామకు ఇచ్చే నియమం లేదన్నారు. వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నా మంచం మీద ఇంకొకరి సంచి ఉంది. నిర్వాహకులు మర్యాదగానే మాట్లాడారు. "వృత్తి ఆట అంటే ఇదే తమ్ముడూ" అని ఒకరు బస్సు చార్జీలు కూడా ఇచ్చారు. వాళ్ళ పట్టికలో బంధుత్వం అంటే తల్లి, తండ్రి, భార్య, పిల్లలు. మా లెక్కలో మేనమామ తండ్రితో సమానం, కొన్ని విషయాల్లో తండ్రికంటే ఎక్కువ. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూసేవారు అక్కడ ఎవరూ లేరు.

ఈ సంగతి ఆలోచించినప్పుడల్లా నాకు జైపాల్ సింగ్ ముండా గుర్తొస్తారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకుడిగా వెళ్ళిన ఆ ముండా తెగ మనిషి, అప్పుడు ఇంగ్లండులో ఐసీఎస్ శిక్షణలో ఉన్నారు. ఆటకు సెలవు ఇవ్వకపోయినా వెళ్ళారు, ఆ తరువాత ఐసీఎస్‌నే వదులుకున్నారు. ఆయన ఆట కోసం కొలువును వదిలారు, నేను మామ కోసం ఆటను వదిలాను, పోలిక అంతవరకే. ఆయన తరువాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడ్డారు. నేను ఆ రాత్రి రేణిగుంట స్టేషన్‌లో రైలు దిగి, కాళహస్తి మొదటి బస్సు కోసం తెల్లవారేదాకా బల్ల మీద కూర్చున్నాను.

2019లో చెన్నైలోని ఒక సంస్థ జట్టులో ఒప్పందం మీద చేరాను. జట్టు శిక్షకుడు తమిళుడు, సముద్రపు ఒడ్డు పల్లె మనిషి. తెలుగు కొంచెం తెలుసు. మొదటి రోజు నన్ను పిలిచి, నీ పాత శిబిరం నుంచి ఎందుకు పంపేశారని అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి ఒక కాగితం ఇచ్చి, ఏడాదిలో నువ్వు తప్పనిసరిగా ఇంటి దగ్గర ఉండవలసిన రోజులు రాయమన్నారు. చావులు ముందుగా రాయలేము కదా అంటే, "దానికి ఒక నాలుగు వేసుకో" అన్నారు. మొత్తం తొమ్మిది రోజులు తేలాయి. ఆ కాగితాన్ని గోడకు అంటించి, "మిగతా 356 రోజులు నావి" అన్నారు. ఆ ఏడాది నేను ఆరు రోజులే వాడుకున్నాను. ఇంటికి పోలేననే భయం ఉన్నప్పుడు మనసు ఎప్పుడూ ఇంటి మీదే ఉండేది. పోవచ్చని తెలిశాక చెన్నైలో నిద్ర పట్టింది. ఇంత చిన్న ఏర్పాటు పదేళ్ళలో ఇంకెవరికీ తట్టలేదు.

ఆయన చేసిన ఇంకో పని దీనికంటే పెద్దది. ఎదుటి ఆటగాడు కాలు చాచేదాకా నేను ముఖం ఎత్తి చూడకపోవడం గమనించి, నీకు ఇది ఎవరు నేర్పారని అడిగారు. రక్తమని అనలేదు, ఎవరు నేర్పారన్నారు. మా తాత, ఎలుకలు, పొగ కుండ, రెండో ద్వారం, అన్నీ చెప్పాను. ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను, ఎవరూ నవ్వలేదు. అయితే కుడి కార్నర్ ఆటగాడికి కూడా నేర్పు అన్నారు. అప్పుడు తెలిసింది, నాకు చేతనైనది నాకే మాటల్లో పెట్టడం రాదని. వారం రోజులు తంటాలు పడ్డాక, కూతకు వచ్చేవాడికి ముందు ఇద్దరు ఒక దుప్పటిని నడుము ఎత్తున అడ్డంగా పట్టుకుని నడిచేలా ఏర్పాటు చేశాము. రక్షకుడికి కాళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ముఖం, చేతులు, భుజాల మోసం అన్నీ దుప్పటి అవతలే ఆగిపోతాయి. వచ్చినవాడు ఎటు తిరిగి పోబోతున్నాడో మడమలు చెబుతాయి. మూడు వారాలకు కుడి కార్నర్ ఆటగాడు ఆ పట్టు సాధించాడు. అతనిది ఈరోడ్ వైపు నేత పనివాళ్ళ కుటుంబం. అతని రక్తంలో ఎలుకలు ఉండే వీలు లేదు.

మొదటి జీతం 15 వేలు. అది రెండు రోజుల్లో ఖర్చయింది. ఒక ఇంటి కప్పుకు రేకులు, ఒక కాన్పు, అందరికీ ఒక పూట అన్నం, చేపల పులుసు. జట్టులోని స్నేహితులు నన్ను పిచ్చివాడినన్నారు, పొదుపు గురించి చెప్పారు, వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ నా మొదటి మ్యాట్ బూట్లను కాలనీలోని ఇరవై ఇళ్ళవాళ్ళు తలా కొంత వేసి కొన్నారు. పిల్లవాడి బూట్లకు ఇచ్చిన డబ్బు పిల్లవాడి జీతంలో తిరిగి వస్తుందని ఎవరూ లెక్క రాసుకోలేదు, అయినా అందరికీ తెలుసు. అయితే ఈ పద్ధతిలో నేను నష్టపోలేదని అనను. మోకాలికి ఆపరేషన్ అవసరమైనప్పుడు నా చేతిలో ఏమీ లేదు, కాలనీ దగ్గరా లేదు. ఆస్ట్రేలియా ఆదివాసీ ఆటగాళ్ళ గురించి చదివినప్పుడు వాళ్ళ మాటల్లోనూ ఇదే కనిపించింది: ఇంటికి దూరంగా ఉండే బెంగ, చుట్టాలందరి బాధ్యత, ఆట చూసినవాళ్ళు అది పుట్టుకతో వచ్చిన మాయ అనడం. అక్కడి ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడేవారిలో 2020 నాటికి సుమారు పదో వంతు ఆదివాసులే. దేశ జనాభాలో మాత్రం వాళ్ళు మూడు, నాలుగు శాతానికి మించరు. అంత మంది ఆడుతున్న చోట కూడా ప్రధాన శిక్షకుడి కుర్చీలో వాళ్ళు కనిపించడం చాలా అరుదు. రక్తంలో ఉన్నదని నమ్మినవాళ్ళు ఆడిస్తారు, నేర్పమని అడగరు.

2020లో కరోనా వచ్చి అన్నీ ఆగాయి. ప్రొ కబడ్డీ కూడా ఆ ఏడాది జరగలేదు. 2021 డిసెంబరులో బెంగళూరులో మళ్ళీ మొదలైంది. ఈలోగా మా ఒప్పందాలు ముగిశాయి, నా మోకాలు కూడా ముగిసింది. తిరుపతిలో బీ.పీ.ఎడ్., తరువాత ఎం.పీ.ఎడ్. చేశాను. లఘు పరిశోధనకు గిరిజన ఆటగాళ్ళ సంస్కృతి అనే అంశం తీసుకుంటే, ఒక అధ్యాపకుడు వాళ్ళ నృత్యాలు, పండుగలు, వేషధారణ గురించి ఒక అధ్యాయం రాయమన్నారు. రాశాను, మార్కులు వచ్చాయి. నేను రాయాలనుకున్నది మాత్రం పొగ కుండ గురించి, తొమ్మిది రోజుల కాగితం గురించి.

ఆ చదువులో నాకు బాగా పనికొచ్చినవి రెండు సంగతులు. ఒకటి ఆస్ట్రేలియా ఆదివాసీ అథ్లెట్ క్యాథీ ఫ్రీమన్‌ది. 1994లో కెనడాలో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో 400 మీటర్లు గెలిచి ఆమె ఆస్ట్రేలియా జెండాతో పాటు తన ఆదివాసీ జెండానూ పట్టుకుని పరుగెత్తితే, జట్టు పెద్దే ఆమెను మందలించాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో అదే పరుగు 49.11 సెకన్లలో గెలిచి మళ్ళీ రెండు జెండాలూ పట్టుకున్నప్పుడు స్టేడియం అంతా లేచి నిలబడింది. రెండోది మన దగ్గరిదే. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వాళ్ళ కోసం బ్రిటిష్ వాళ్ళు కట్టిన స్టూవర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట రాహుల్, 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బరువులెత్తి స్వర్ణం గెలిచాడు. ఆ చట్టం 1952లోనే పోయింది. అయినా అతని పతకం వార్తతో పాటు ఆ ఊరి పాత చెడ్డపేరు కూడా మళ్ళీ అచ్చయింది. ఆ వార్త వచ్చిన ఏడే నేను మామ పెద్దదినానికి వెళ్ళాను.

ఇప్పుడు మా కాలనీలోనే పదకొండు మంది పిల్లలకు సాయంత్రాలు ఆట నేర్పుతున్నాను. ఆరుగురు ఆడపిల్లలు. దుప్పటి సాధన చేయిస్తాను, కోతల కాలంలో సాధన మానిపించి పొలాలకు పంపుతాను. చైన్, కవర్, మూడో కూత లెక్క కూడా నేల మీద గీసి చెబుతాను, ఒక్కరినీ వదలను. గట్టిగా పిలుచుకోవడం కూడా నేర్పుతున్నాను. మొదట చేతిని నొక్కు, ఆ తరువాత కేక వెయ్యి అన్నది మా పద్ధతి. జనన ధ్రువపత్రాలు పదకొండు మందికీ పుట్టిన నెల్లోనే తీసి ఉంచాలని తల్లులకు చెప్పాను కానీ అప్పటికే అందరూ పుట్టేశారు, తొమ్మిది మంది జనవరి 1నే.

మొన్న ఒక పిల్లను అండర్-17 ఎంపికలకు తిరుపతి తీసుకెళ్ళాను. కుడి కార్నర్‌లో ఆడుతుంది. దరఖాస్తులో శిక్షణ పొందిన కాలం, శిక్షకుని పేరు అని రెండు గడులు ఉన్నాయి. మొదటి దాంట్లో తొమ్మిదేళ్ళు అని రాశాను, ఎందుకంటే ఆమె ఏడో ఏట నుంచి తన అవ్వతో పొలాలకు వెళుతోంది. రెండో దాంట్లో ఆ అవ్వ పేరు మొదట, నా పేరు తరువాత రాశాను. బల్ల దగ్గర కాగితాలు చూస్తున్న ఆయన ఆ పేరు దగ్గర ఆగి, "ఈమె ఏ అకాడమీ సార్?" అని అడిగారు. కాలనీ పేరు చెప్పాను. ఆయన ఇంకోసారి నా ముఖం చూసి, ఆ పేరు పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్న గుర్తు పెట్టి, పిల్లను బరువు తూయించడానికి లోపలికి పంపమన్నారు.